ఫార్ములా ఇస్తే అది ఏ సాదృశ్యం చూపుతుందో తేల్చడం ఎలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: సమన్వయ సమ్మేళనాల్లో (లోహం చుట్టూ అణువులు, అయాన్లు కట్టుకుని ఉన్నవాటిలో) సాదృశ్యం, అంటే ఒకే ఫార్ములాకి వేర్వేరు అమరికలు ఉండటం, దాని రకాలన్నీ నిర్వచనాలతో సహా వచ్చు, కానీ ఒక ఫార్ములా ఇచ్చి దీనికి ఎన్ని ఐసోమర్లు (అలాంటి అమరికలు) అని అడిగితే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. అయనీకరణ సాదృశ్యం, హైడ్రేట్ సాదృశ్యం రెండూ ఒకటే అనిపిస్తున్నాయి. సిస్ రూపం (ఒకే రకానివి పక్కపక్కన ఉన్నది) దృక్ సాదృశ్యం చూపితే ట్రాన్స్ (అవి ఎదురెదురుగా ఉన్నది) ఎందుకు చూపదు? చతుర్ముఖికి సిస్, ట్రాన్స్ ఎందుకు లేవు?

ఈ పాఠం చాలా ఏళ్లుగా చెబుతున్నాను. పేర్ల జాబితాతో మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా మీరు ఆగిన చోటే ఆగుతారు. అందుకని జాబితాని కాసేపు పక్కన పెట్టి, ఫార్ములాని రెండు ప్రశ్నలు వరసగా అడగండి. లోహానికి నేరుగా కట్టుకుని ఉన్న పరమాణువులు ఏవి? అవే పరమాణువులైతే, లోహం చుట్టూ అవి ఏ స్థానాల్లో ఉన్నాయి? మొదటి ప్రశ్నకి రెండు వేర్వేరు జవాబులు కుదిరితే అది నిర్మాణ సాదృశ్యం. మొదటి జవాబు మారకుండా రెండోది మాత్రమే మారితే ప్రాదేశిక సాదృశ్యం. మీరు చదివిన పేర్లన్నీ ఈ రెండు గదుల్లోకి వచ్చి కూర్చుంటాయి.

మొదటి ప్రశ్నతో మొదలుపెడదాం. కోబాల్ట్, ఐదు అమ్మోనియాలు, ఒక బ్రోమైడ్, ఒక సల్ఫేట్ ఉన్న సమ్మేళనం తీసుకోండి. కోబాల్ట్‌కి ఆరు స్థానాలు. ఐదింట్లో అమ్మోనియా ఉంది. ఆరో స్థానం బ్రోమైడ్‌కి ఇస్తే సల్ఫేట్ చదరపు బ్రాకెట్ (లోహానికి కట్టుకున్నవాటిని ఇందులో రాస్తాం) బయట ఉంటుంది, సల్ఫేట్‌కి ఇస్తే బ్రోమైడ్ బయటికి వెళ్తుంది. మొదటిది ఊదా రంగు, రెండోది ఎరుపు. మొదటిదాని ద్రావణంలో బేరియం క్లోరైడ్ వేస్తే తెల్లటి అవక్షేపం వెంటనే వస్తుంది, రెండోదానిలో రాదు. రెండోదానిలో సిల్వర్ నైట్రేట్ వేస్తే లేత పసుపు అవక్షేపం వస్తుంది, మొదటిదానిలో రాదు. బ్రాకెట్ లోపలున్న అయాన్ ద్రావణంలోకి విడిపోదు కాబట్టి పరీక్షకి దొరకదు. ఇదే అయనీకరణ సాదృశ్యం. ఒక అయాన్ లోపలికి వెళ్తే ఇంకో అయాన్ బయటికి వస్తుంది.

హైడ్రేట్ సాదృశ్యంలో ఆ స్థానం మార్చుకునే జంటలో ఒకటి నీటి అణువు. మూడు క్లోరైడ్లు, ఆరు నీటి అణువులు ఉన్న క్రోమియం క్లోరైడ్ దీనికి అందరూ చెప్పే ఉదాహరణ. ఆరు నీళ్లూ లోపలుంటే ఊదా రంగు. ఐదు నీళ్లు, ఒక క్లోరైడ్ లోపలుంటే నీలి ఆకుపచ్చ. నాలుగు నీళ్లు, రెండు క్లోరైడ్లు లోపలుంటే ముదురు ఆకుపచ్చ. మామూలుగా సీసాలో కొని తెచ్చుకునేది ఈ చివరిదే. సిల్వర్ నైట్రేట్‌తో ఒక మోల్‌కి వరసగా మూడు, రెండు, ఒక మోల్ సిల్వర్ క్లోరైడ్ వస్తుంది. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం మీద ఆరబెడితే మొదటిది నీరు కోల్పోదు, రెండోది ఒక అణువు, మూడోది రెండు అణువులు కోల్పోతాయి.

ఇక మీ గందరగోళానికి మందు. నీరు తటస్థం. అది బయటికి వెళ్లి క్లోరైడ్ లోపలికి వస్తే సంశ్లిష్ట అయాన్ (బ్రాకెట్ లోపలి మొత్తం) ఆవేశమే మారిపోతుంది: మూడు, రెండు, ఒకటి. కాబట్టి ద్రావణంలో మొత్తం అయాన్ల సంఖ్య నాలుగు, మూడు, రెండుగా తగ్గుతూ వస్తుంది, విద్యుత్ వాహకతా దాంతో పాటే తగ్గుతుంది. అయనీకరణ సాదృశ్యంలో చాలాసార్లు అయాన్ల సంఖ్య మారదు, ఏ అయాన్ బయట ఉందన్నదే మారుతుంది. రసాయన శాస్త్రవేత్తలు ఆల్ఫ్రెడ్ వెర్నర్, మియోలాటి 1893-94ల్లో ప్రచురించిన వాహకత కొలతలు సరిగ్గా ఈ లెక్క మీదే నిలబడ్డాయి. బ్రాకెట్ ఎక్కడ పెట్టాలో కాగితం మీద ఊహించి చెప్పలేదు, కొలిచి చెప్పారు.

సిల్వర్ నైట్రేట్ పరీక్ష చల్లటి ద్రావణంలో, తాజాగా కలిపి చేయాలని పాఠంలో ఉంటుంది. ఎందుకో చాలామంది చెప్పరు. ఆకుపచ్చ క్రోమియం క్లోరైడ్‌ని నీటిలో కలిపి వదిలేస్తే లోపలి క్లోరైడ్లు ఒక్కొక్కటిగా బయటికి వచ్చి వాటి చోట నీళ్లు చేరతాయి, రంగు నెమ్మదిగా ఊదా వైపు జరుగుతుంది. వేడి చేస్తే ఇంకా త్వరగా. ఆలస్యం చేస్తే మీరు కొలిచేది మీరు తీసుకున్న ఐసోమర్‌ని కాదు. ఈ విషయం గుర్తుంచుకోండి, కిందికి వెళ్లాక దీని అవసరం చాలా ఉంటుంది.

సమన్వయ సాదృశ్యం గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ధనాయాన్, రుణాయాన్ రెండూ సంశ్లిష్టాలే అయినప్పుడు లైగాండ్లు (లోహానికి కట్టుకున్న అణువులు, అయాన్లు) రెండు లోహాల మధ్య చేతులు మారతాయి. కోబాల్ట్ దగ్గర ఆరు అమ్మోనియాలు, క్రోమియం దగ్గర ఆరు సయనైడ్లు ఒక సమ్మేళనం; అటుది ఇటైతే ఇంకోటి. రెండు లోహాలుండి రెండూ బ్రాకెట్లలో కనిపిస్తేనే దీన్ని వెతకండి.

బంధ సాదృశ్యం మాత్రం ఆగి చూడదగ్గది. ఒకే లైగాండ్‌లో లోహానికి ఎలక్ట్రాన్ జంట ఇవ్వగల పరమాణువులు రెండు రకాలు ఉండాలి. నైట్రైట్‌కి నైట్రోజన్ ఒకటి, ఆక్సిజన్ ఒకటి. థయోసయనేట్‌కి ఒక కొస సల్ఫర్, ఇంకో కొస నైట్రోజన్. ఇలాంటివాటినే ఆంబిడెంటేట్ లైగాండ్లంటారు. సల్ఫేట్‌కి నాలుగు ఆక్సిజన్లున్నా అది ఈ కోవలోకి రాదు, ఎందుకంటే ఏ ఆక్సిజన్‌తో కట్టుకున్నా తేడా లేదు. ఐదు అమ్మోనియాలున్న కోబాల్ట్‌కి నైట్రైట్ నైట్రోజన్ వైపు కట్టుకుంటే నైట్రో రూపం, పసుపు. ఆక్సిజన్ వైపు కట్టుకుంటే నైట్రిటో రూపం, ఎరుపు. డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త యోర్గెన్సెన్ ఈ రెంటినీ 19వ శతాబ్దం చివర్లోనే వేరు చేశాడు. రంగు తేడాకి కారణం లైగాండ్ క్షేత్రం, అంటే లోహపు డీ ఎలక్ట్రాన్ల మీద లైగాండ్ ప్రభావం: నైట్రో బలమైన క్షేత్ర లైగాండ్, తక్కువ తరంగదైర్ఘ్యం దగ్గర కాంతిని శోషిస్తుంది, అందుకే పసుపు కనిపిస్తుంది. నైట్రిటోది బలహీన క్షేత్రం, శోషణ ఎక్కువ తరంగదైర్ఘ్యం వైపు జరుగుతుంది.

ఎర్రటి నైట్రిటో లవణాన్ని ఊరికే ఉంచినా, కాస్త వేడి చేసినా పసుపు నైట్రోగా మారుతుంది. ఆ పసుపుదాని మీద అతినీలలోహిత కాంతి వేస్తే కొంత మళ్లీ ఎరుపు వైపు తిరుగుతుంది. ఈ మార్పులో నైట్రైట్ లోహాన్ని వదిలి బయటికి పోయి తిరిగి రాదు, పట్టుకున్న చోటే పక్కకి తిరిగి కొస మార్చుకుంటుంది. ఆక్సిజన్ 18 ఐసోటోప్‌తో చేసిన ప్రయోగాలు దీన్ని తేల్చాయి. ఇదే కుటుంబంలోని కొన్ని స్ఫటికాలు కాంతి పడగానే లోపలి ఒత్తిడికి ఎగిరి గంతులేస్తాయి కూడా. ఒక బంధం కొస మారడం కంటికి కనిపించేంత కదలికగా బయటపడటం నాకు ఇప్పటికీ అద్భుతంగానే ఉంటుంది.

ఇప్పుడు రెండో ప్రశ్న: స్థానాలు. ఇక్కడ ముందు చేయాల్సిన పని ఆకృతి తేల్చుకోవడం. సమన్వయ సంఖ్య (లోహం చుట్టూ ఉన్న స్థానాల సంఖ్య) నాలుగు అనగానే సిస్, ట్రాన్స్ గీసేయకండి. నికెల్ నాలుగు సయనైడ్లతో సమతల చతురస్రం, అదే నికెల్ నాలుగు క్లోరైడ్లతో చతుర్ముఖి. చతుర్ముఖిలో ఏ రెండు మూలలు తీసుకున్నా మధ్య కోణం 109.5 డిగ్రీలే. పక్కపక్కన, ఎదురెదురు అనే తేడానే లేదు. తేడా లేనప్పుడు సిస్, ట్రాన్స్ అనే మాటలకి అర్థం లేదు. మీ చివరి ప్రశ్నకి జవాబు ఇంతే. చతురస్రంలో మాత్రం 90, 180 అని రెండు కోణాలున్నాయి, అష్టముఖిలోనూ అంతే.

చతురస్రంలో నాలుగు వేర్వేరు లైగాండ్లుంటే లెక్క చాలా తేలిక. ఒకదాన్ని పట్టుకుని దాని ఎదురుగా ఎవరున్నారని అడగండి. మిగతా మూడింట్లో ఎవరైనా ఉండొచ్చు, కాబట్టి మూడు ఐసోమర్లు. ఈ 'ఎదురుగా ఎవరు' అన్న ప్రశ్న అష్టముఖికి ఇంకా బాగా పనిచేస్తుంది. మూడు రకాల లైగాండ్లు, ఒక్కో రకం రెండేసి ఉన్నాయనుకోండి. రెండు అమ్మోనియా, రెండు పిరిడీన్, రెండు క్లోరైడ్ ఉన్న ప్లాటినం నాలుగో ఆక్సీకరణ స్థితి అయాన్ అలాంటిదే. మూడు జంటలూ ఎదురెదురుగా ఉండటం ఒక పద్ధతి. ఒక్క జంటే ఎదురెదురుగా ఉండి మిగతావి పక్కపక్కన ఉండటం, అది ఏ జంట అన్నదాన్ని బట్టి మూడు పద్ధతులు. ఏ జంటా ఎదురుగా లేకపోవడం ఒకటి. సరిగ్గా రెండు జంటలు మాత్రమే ఎదురుగా ఉండటం కుదరదు, ఎందుకంటే అప్పుడు మిగిలిన రెండు మూలలూ ఎదురెదురే కాబట్టి మూడోదీ ఎదురైపోతుంది. మొత్తం ఐదు. బొమ్మలు గీసి తిప్పి చూసుకునే పని లేదు. ఒకే రకానివి మూడు, ఇంకో రకానివి మూడు ఉంటే రెండే రూపాలు. మూడూ ఒకే ముఖం మూలల్లో ఉంటే ఫేసియల్, లోహం మీదుగా సాగే ఒకే అర్ధవలయంలో ఉంటే మెరిడియనల్.

సిస్, ట్రాన్స్ తేడా పరీక్షలో మార్కుల కోసమే కాదు. డైఅమ్మీన్ డైక్లోరో ప్లాటినం సిస్ రూపం 19వ శతాబ్దం మధ్య నుంచి తెలుసు. 1960ల్లో బార్నెట్ రోజెన్‌బర్గ్ బృందం బాక్టీరియా మీద విద్యుత్ క్షేత్రం ప్రభావం చూస్తుండగా కణాలు విభజన మానేశాయి. ప్లాటినం ఎలక్ట్రోడ్ల నుంచి ద్రావణంలోకి వచ్చిన సంశ్లిష్టాలే కారణమని తేలింది. 1978లో అమెరికాలో సిస్‌ప్లాటిన్ క్యాన్సర్ మందుగా ఆమోదం పొందింది. దాని రెండు క్లోరైడ్లు పక్కపక్కన ఉండటం వల్ల అవి ఊడిన చోట డీఎన్‌ఏ ఒకే పోగులోని పక్కపక్క గ్వానిన్లను ప్లాటినం పట్టుకోగలుగుతుంది. ట్రాన్స్ రూపానికి ఆ పట్టు కుదరదు, మందుగా అది పనికి రాలేదు. పరమాణువులు అవే, బంధాలూ అవే, కోణం ఒక్కటే తేడా.

సీసాలో ఉన్నది సిస్సా ట్రాన్సా అని తెలుసుకోవడానికి కుర్నాకోవ్ పరీక్ష ఉంది. థయోయూరియా వేస్తే సిస్ రూపంలో నాలుగు లైగాండ్లూ పోయి నాలుగు థయోయూరియాలు వస్తాయి, ద్రావణం పసుపు. ట్రాన్స్ రూపంలో క్లోరైడ్లు రెండూ పోతాయి కానీ అమ్మోనియాలు ఉండిపోతాయి, తెల్లటి పదార్థం వస్తుంది. థయోయూరియా తన ఎదురుగా ఉన్నదాన్ని వదులు చేస్తుంది. సిస్‌లో ఎదురుగా అమ్మోనియా ఉంది, ట్రాన్స్‌లో ఎదురుగా ఉన్నది ఇంకో థయోయూరియా. ట్రాన్స్ ప్రభావం అని చదివారే, అది ఇక్కడ కళ్లముందు పనిచేస్తుంది.

ఇక దృక్ సాదృశ్యం. అణువు దాని అద్దంలో ప్రతిబింబం మీద సరిగ్గా పడకపోతే ఆ రెండూ వేర్వేరు ఐసోమర్లు, తల ధ్రువిత కాంతిని (ఒకే తలంలో కంపించే కాంతిని) సమానంగా వ్యతిరేక దిశల్లో తిప్పుతాయి. తేల్చడానికి అణువులో సౌష్ఠవ తలం (అణువుని రెండు అద్దపు సగాలుగా కోసే తలం) ఉందా అని వెతకండి, తర్వాత సౌష్ఠవ కేంద్రం (ప్రతి పరమాణువుకీ తన మీదుగా సరిగ్గా ఎదురుగా అలాంటిదే ఉండే మధ్యబిందువు). ఏది కనిపించినా దృక్ సాదృశ్యం లేదు. మీరు ఎదుర్కొనే లెక్కలకి ఈ రెండు పరీక్షలూ చాలు.

రెండు ఇథిలీన్ డైఎమీన్లు, రెండు క్లోరైడ్లున్న కోబాల్ట్ అయాన్ మీద వేసి చూద్దాం. ఇథిలీన్ డైఎమీన్ ద్విదంత లైగాండ్, అంటే రెండు కొసలతో లోహాన్ని పట్టుకుని వలయం కడుతుంది. ట్రాన్స్ రూపంలో క్లోరైడ్లు పైన ఒకటి, కింద ఒకటి. మధ్య తలంలో రెండు ఇథిలీన్ డైఎమీన్ వలయాలు. ఆ తలాన్నే అద్దంగా పెట్టండి: పై క్లోరైడ్ కింది క్లోరైడ్ మీద పడుతుంది, వలయాలు తమ మీద తామే పడతాయి. సౌష్ఠవ తలం దొరికింది, కథ అయిపోయింది. ఆకుపచ్చ ట్రాన్స్ రూపం కాంతిని తిప్పదు. సిస్ రూపంలో క్లోరైడ్లు పక్కపక్కన రాగానే రెండు వలయాలు ఒకే తలంలో ఉండలేవు, ఒకదానికొకటి మెలిపడి మరలోని గాడిలా తిరుగుతాయి. కుడి మర అద్దంలో ఎడమ మర అవుతుంది, ఎంత తిప్పినా కుడి మర కాదు. ఊదా రంగు సిస్ రూపం అందుకే రెండుగా ఉంటుంది. మూడు ఇథిలీన్ డైఎమీన్లున్న అయాన్‌లోనూ ఇదే మెలి: కుడి మెలికి డెల్టా, ఎడమ మెలికి లాంబ్డా అని పేర్లు. డెల్టా అనగానే కాంతిని కుడికి తిప్పుతుందని రాయకండి. మెలి దిశ అణువు ఆకృతి, కాంతి భ్రమణం కొలత. ఒకటి చూసి రెండోది ఊహించలేం.

ఒక హెచ్చరిక: 'సిస్ అయితే దృక్ సాదృశ్యం ఉంటుంది' అనేది నియమం కాదు. నాలుగు అమ్మోనియాలు, రెండు క్లోరైడ్లున్న సిస్ కోబాల్ట్ అయాన్‌కి సౌష్ఠవ తలం ఉంది, అది కాంతిని తిప్పదు. ద్విదంత లైగాండ్ల మెలి వల్లనే సిస్ రూపానికి ఆ గుణం వచ్చింది. ద్విదంతం లేకుండానూ రావొచ్చు: పైన లెక్కపెట్టిన ఐదింట్లో ఏ జంటా ఎదురుగా లేని రూపానికి సౌష్ఠవ తలం ఉండదు, అది రెండుగా విడిపోయి మొత్తం ఆరు అవుతాయి.

ఈ విద్య అంతా ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే పాఠం వేరేలా కనిపిస్తుంది. 1893లో వెర్నర్ అష్టముఖి అన్నప్పుడు అణువుల ఆకృతిని నేరుగా చూసే సాధనం ఎవరి దగ్గరా లేదు. ఆయన చేతిలో ఉన్నది లెక్క ఒక్కటే. ఎంఏ4బీ2 రకం (లోహం చుట్టూ ఒక రకం లైగాండ్లు నాలుగు, ఇంకో రకానివి రెండు ఉన్న) సమ్మేళనానికి సమతల షడ్భుజి అయితే మూడు ఐసోమర్లు రావాలి, త్రిభుజ పట్టకమైనా మూడు, అష్టముఖి అయితే రెండు. దొరికినవి ఎప్పుడూ రెండుకి మించలేదు. యోర్గెన్సెన్ గట్టిగా ఎదురు నిలిచాడు. ఇథిలీన్ డైఎమీన్‌తో ఊదా, ఆకుపచ్చ రెండూ ఉన్నాయి సరే, అమ్మోనియాతో ఊదా రూపం ఏదని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. 1907లో వెర్నర్ దాన్ని తయారుచేసి చూపించాడు. అయినా మూడోది దొరకలేదనడం మూడోది లేదనడానికి రుజువు కాదు. అసలు రుజువు దృక్ సాదృశ్యం ఇచ్చింది. 1911లో విక్టర్ కింగ్‌తో కలిసి ఒక సిస్ కోబాల్ట్ సంశ్లిష్టాన్ని కుడి, ఎడమ రూపాలుగా విడదీశాడు. ఆ గుణం లైగాండ్‌లోని కార్బన్‌ది అయ్యుండొచ్చన్న అనుమానం మిగిలితే 1914లో కార్బన్ అసలే లేని, నాలుగు కోబాల్ట్‌లున్న హెక్సాల్ అనే అయాన్‌ని విడదీసి దాన్నీ తీర్చాడు. మధ్యలో, 1913లో, నోబెల్ బహుమతి వచ్చింది. అంటే ఐసోమర్లు అష్టముఖి వల్ల వచ్చాయని మనం చదువుతాం, చరిత్రలో మాత్రం ఐసోమర్లను లెక్కపెట్టి అష్టముఖిని కనుక్కున్నారు.

సమతల చతురస్రం విషయంలోనూ ఇలాంటి అందమైన తర్కం ఉంది. చదునైన అణువుకి ఆ తలమే అద్దం కాబట్టి మామూలుగా దృక్ సాదృశ్యం ఉండదు. 1935లో మిల్స్, క్విబెల్ రెండు వేర్వేరు డైఎమీన్లతో ఒక ప్లాటినం సంశ్లిష్టం తయారుచేశారు. ఆ డైఎమీన్ల మీది గుంపులను ఎలా ఎంచుకున్నారంటే, అణువు చతుర్ముఖి అయితే సౌష్ఠవ తలం ఉండాలి, చతురస్రమైతే ఉండకూడదు. దాన్ని కుడి, ఎడమ రూపాలుగా విడదీయగలిగారు. చతుర్ముఖి వాదం అక్కడితో పోయింది.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. ఉదాహరణలు ఎక్కువగా మూడో ఆక్సీకరణ స్థితి కోబాల్ట్, క్రోమియం, రెండో స్థితి ప్లాటినం మీదే ఎందుకుంటాయి? కాపర్, మాంగనీస్, జింక్‌లతో ఎందుకు కనిపించవు? కాగితం మీద వాటికీ ఐసోమర్లు గీయొచ్చు. కానీ ద్రావణంలో వాటి లైగాండ్లు క్షణంలో అనేకసార్లు మారిపోతాయి. కాపర్ చుట్టూ ఉన్న నీటి అణువు ఉండే కాలం సెకనులో వంద కోట్లో వంతు స్థాయిలో ఉంటుంది, క్రోమియం చుట్టూ ఉన్నది రోజుల తరబడి నిలుస్తుంది. హెన్రీ టౌబే 1952లో వీటిని లేబైల్, ఇనర్ట్ అని విడదీశాడు: గది ఉష్ణోగ్రతలో నిమిషం లోపు లైగాండ్లు మార్చుకునేవి లేబైల్, అంతకన్నా నెమ్మదైనవి ఇనర్ట్. 3డీ ఆర్బిటాళ్లలో మూడు ఎలక్ట్రాన్లున్న క్రోమియం, తక్కువ స్పిన్‌తో ఆరున్న కోబాల్ట్ ఇనర్ట్. ఐసోమర్‌ని వేరుగా సీసాలో పెట్టగలగడం ఈ నెమ్మదితనం ఇచ్చిన అవకాశం. పైన సిల్వర్ నైట్రేట్ పరీక్ష త్వరగా చేయమన్నదీ ఇందుకే. ఇనర్ట్ అంటే నెమ్మది అనే గానీ కదలదని కాదు. మూడు ఆక్సలేట్లున్న క్రోమియం అయాన్‌ని కుడి, ఎడమగా విడదీసినా ద్రావణంలో అది కొంతకాలానికి రెసిమిక్ మిశ్రమం (కుడి, ఎడమ రూపాలు సమానంగా ఉన్నది) అయిపోతుంది, మూడు ఇథిలీన్ డైఎమీన్లున్న కోబాల్ట్ అయాన్ మాత్రం గట్టిగా నిలుస్తుంది.

ఇప్పుడు అన్నీ కలిసే లెక్క ఒకటి చేద్దాం. ఒక కోబాల్ట్, రెండు ఇథిలీన్ డైఎమీన్లు, ఒక్కొక్కటి చొప్పున క్లోరైడ్, నైట్రైట్, థయోసయనేట్. సమన్వయ సంఖ్య ఆరు. ఇథిలీన్ డైఎమీన్లు నాలుగు స్థానాలు తీసుకున్నాయి, మిగిలిన రెండింటికి ముగ్గురు పోటీ. ఒకరు బయట ఉండాలి.

థయోసయనేట్ బయట ఉంటే లోపల క్లోరైడ్, నైట్రైట్. నైట్రైట్ రెండు కొసల్లో ఏదైనా వాడొచ్చు కాబట్టి రెండు. ఒక్కోదానికి ట్రాన్స్ ఒకటి, సిస్ కుడి, ఎడమ రెండు, అంటే మూడు. మొత్తం ఆరు. ఇక్కడ ట్రాన్స్ రూపానికి వలయాల తలం అద్దం కాదని గమనించండి, పైన, కింద వేర్వేరు లైగాండ్లున్నాయి కదా. కానీ ఆ రెండు లైగాండ్ల గుండా నిలువుగా పోతూ వలయాలను సగానికి కోసే తలం అద్దమవుతుంది, అందుకే ట్రాన్స్ ఒకటే. నైట్రైట్ బయట ఉంటే లోపల క్లోరైడ్, థయోసయనేట్. అదే లెక్కలో మళ్లీ ఆరు. క్లోరైడ్ బయట ఉంటే లోపలి రెండూ ఆంబిడెంటేట్లే, రెండు రెళ్లు నాలుగు, ఒక్కోదానికి మూడు చొప్పున పన్నెండు. అన్నీ కలిపి 24. కుడి, ఎడమ తేడా వదిలేసి లెక్కపెట్టమంటే ఒక్కోచోట మూడు బదులు రెండు, అప్పుడు 16. ప్రశ్నలో ఏది అడిగారో చూసుకుని జవాబు రాయండి.